చెరిగిపోయిన ఏడు వందల నాలుగు

ఇరవై ఎనిమిదేళ్ళకే ఉద్యోగ జ్ఞాపకాలు రాయడానికి కూర్చుంటే నాకే నవ్వొస్తోంది. పనిచేసింది నాలుగేళ్ళు. పాప కడుపులో పడ్డాక మానేశాను. మళ్ళీ వెళ్తానో లేదో తెలియదు. కానీ పోయిన వారం ఇద్దరు అమ్మాయిలు వికారాబాద్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను చదివిన కాలేజీలోనే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నారు. "రిపేరు దుకాణంలో ఆడవాళ్ళు పనిచేయగలరా అక్కా?" అని అడిగారు. పాప ఏడుస్తుంటే వాళ్ళకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు పడుకుంది కాబట్టి చెబుతున్నాను. మధ్యమధ్యలో లేచి దాని ఊపిరి చూసి వస్తాను. అది నా జబ్బు, పట్టించుకోకండి.

పనిచేయగలరు. అయితే నేను చేసిన మంచి రిపేర్లలో ఒక్కటి కూడా నాకు వివరంగా గుర్తులేదు. గుర్తున్నది చెడగొట్టిన పని.

నేను పనిచేసింది తాండూరులో, రేడియోలు, టేప్‌రికార్డర్లు, అప్పుడప్పుడే వస్తున్న టీవీలు బాగుచేసే దుకాణంలో. రోజూ వికారాబాద్ నుంచి ప్యాసింజర్‌లో వెళ్ళేదాన్ని. దుకాణదారు అరవైకి దగ్గరపడ్డ మనిషి, వాల్వు రేడియోల కాలం వాడు. నేను సార్ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. దుకాణంలో మేమిద్దరమే. లోపలికి వచ్చినవాళ్ళు నన్ను చూసి, "మెకానిక్ లేడా?" అనేవాళ్ళు. సార్ తలెత్తకుండానే, "ఎదురుంగనే కూసున్నది గద, కండ్లు కనవడ్తలేవా" అనేవాడు.

తాండూరులో ఏ రేడియో తెరిచినా లోపల నాపరాయి పొడి ఉంటుంది. పాలిష్ యూనిట్ల నుంచి గాలికి వచ్చి చేరుతుంది. అందుకని మొదటి పని బ్రష్‌తో దులపడం. దానికంటే ముందు చేయాల్సింది, కాలేజీలో మొదటిరోజే మాకు నేర్పింది, కరెంటు తీసేయడం. ప్లగ్ పీకాలి, సెల్స్ ఉంటే సెల్స్ తీయాలి, తర్వాతే స్క్రూ ముట్టుకోవాలి. ఆ అలవాటు నాకు ఎంత ముదిరిందంటే, సెల్స్ తీశానో లేదో మూడుసార్లు చూసుకునేదాన్ని.

సార్‌కు ఇంకో అలవాటు ఉండేది. ఏ వస్తువు వచ్చినా ఒక కార్డు రాయాలి. పైన "వచ్చినప్పుడు చూసింది", కింద "చేసిన పని". చూసింది అంటే కళ్ళతో చూసింది మాత్రమే. గీత ఉందా, నాబ్ విరిగిందా, స్పీకర్ చినిగిందా. వస్తువు తెచ్చిన గిరాకీ ఏం చెప్పాడన్నది అందులో రాయకూడదు. "వాడు చెప్పింది వాని నోట్ల ఉంటది, నువ్వు చూసింది నీ కార్డుల ఉండాలె" అనేవాడు. చివర దుకాణం ముద్ర. ఆ ముద్రను ఆయన తన చేతులతోనే వేసేవాడు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

ఒక మార్చి నెలలో, ఎండలు మొదలవుతున్నప్పుడు, బుర్ఖా వేసుకున్న ఒకావిడ వచ్చింది. భర్త జిద్దాలో నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడట. చేతిరుమాలులో చుట్టిన ఒక చిన్న వస్తువు తీసి నా ముందు పెట్టింది. అరచేతిలో పట్టేంత, లెక్కలు చేసే క్యాలిక్యులేటర్ అంత పలచన. మధ్యలో తెర, రెండు పక్కలా రెండు గుండీలు. జపాన్‌లో తయారైన ఆట మిషన్. దాని గురించి ఇంగ్లిష్ మ్యాగజైన్‌లో చదవడమే తప్ప అంతకుముందు చేత్తో పట్టుకోలేదు.

ఇప్పటి పిల్లలకు ఇది చెప్పాలి. అందులో ఆట ఒక్కటే. మార్చే వీలు లేదు. రైలు కిటికీల్లోంచి పెట్టెలు పడుతుంటాయి, కింద ఒక మనిషి అటూ ఇటూ కదిలి పట్టుకోవాలి. మూడు పెట్టెలు నేలమీద పడితే ఆట అయిపోయినట్టే. ఆ మనిషి నిజంగా కదలడు. ఒకే మనిషి బొమ్మను నాలుగు చోట్ల ముందే అద్దంలో అచ్చువేసి పెట్టారు. ఏ బొమ్మకు కరెంటు అందితే అది నల్లబడుతుంది, మిగతావి కనిపించవు. మన కన్నే దాన్ని నడిపిస్తుంది. ఆడనప్పుడు తెరమీద గడియారం ఉంటుంది. లోపల ఉన్నది క్యాలిక్యులేటర్‌లో పెట్టేలాంటి చిప్పే. దీన్ని ఆలోచించినాయన ఒకసారి రైల్లో పోతూ, ఎదుటి ప్రయాణికుడు తోచక క్యాలిక్యులేటర్ గుండీలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశాడని తర్వాత ఎక్కడో చదివాను. నిజమో కాదో తెలియదు. రోజూ వికారాబాద్, తాండూరు మధ్య ప్యాసింజర్‌లో కూర్చున్నదాన్ని కాబట్టి నేను నమ్మాను. ఇప్పుడు ఆటలు మార్చుకునే కొత్త మిషన్లు వస్తున్నాయట. అవి వచ్చినా, టీవీ అక్కర్లేకుండా ఆటను జేబులోకి తెచ్చింది మాత్రం ఈ పలచటి డబ్బాలే.

"బొమ్మ కనవడ్తలేదు బేటీ" అంది ఆవిడ. "నా బిడ్డది. బడికి పోయింది. జర పైలంగ చూడమన్నది. లోపలిది ఏం పోవద్దట."

"ఏం పోదు ఆపా, సెల్స్ అయిపొయినట్టున్నయ్" అన్నాను. లోపలిది పోకూడదని అందరూ అంటారు. టేప్‌రికార్డర్ తెచ్చినవాళ్ళు కూడా అంటారు.

"గడియారం గూడ మార్చకు. ఆయన పెట్టిపోయిండు. గది అక్కడి టైం. మన కంటె రెండున్నర గంటలు ఎన్క. బిడ్డ చూసి చెప్తె, ఇప్పుడు లేచిండు, ఇప్పుడు తింటుండు అని తెలుస్తది."

కార్డు తీసి రాశాను. వచ్చినప్పుడు చూసింది: తెర మసక, గీతలు లేవు. ఆవిడ వెళ్ళగానే వెనుక మూత తెరిచి, నేర్చుకున్న ప్రకారం రెండు గుండీ సెల్స్ తీసి పక్కన పెట్టాను. అప్పట్లో అవి తాండూరులో దొరికేవి కావు. ఆదివారం హైదరాబాద్ వెళ్ళి కోఠిలో గడియారాల దుకాణంలో తెచ్చాను. సోమవారం వేశాను. తెర కొత్తదానిలా వెలిగింది. గడియారం పన్నెండు చూపిస్తుంటే, రెండున్నర గంటలు వెనక్కి లెక్కగట్టి జిద్దా టైం పెట్టాను కూడా. ఎంత బాగా చేశానో అనుకున్నాను.

సాయంత్రం బడి వదిలాక ఆ అమ్మాయి వచ్చింది. ఏడో తరగతి, పన్నెండేళ్ళుంటాయి. సంచి భుజానికి తగిలించుకునే ఉంది. మిషన్ తీసుకుని, నావైపు చూసి నవ్వి, ఒక గుండీ నొక్కి పట్టింది. అలా పట్టుకుంటే, ఇప్పటిదాకా అందులో వచ్చిన అంకెల్లోకెల్లా పెద్దది కనిపిస్తుందట. నాకు అప్పటిదాకా తెలియదు.

సున్నా కనిపించింది.

మళ్ళీ నొక్కింది. సున్నా. ఆ అమ్మాయి ఏడవలేదు. "సెల్స్ తీసిన్రా అక్కా?" అని మాత్రం అడిగింది.

"తియ్యాలె గద. పాతవి అయిపొయినయ్."

"మొత్తం తీసిన్రా? ఎన్ని దినాలు?"

నాలుగు రోజులు అని చెప్పాను. అప్పుడు సంచి కింద పెట్టి బెంచీ మీద కూర్చుంది. సార్ టంకం పెట్టే కడ్డీ పక్కన పెట్టేశాడు.

కథ ఇదీ. తండ్రి రెండేళ్ళకొకసారి సెలవు మీద వస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు ఈ మిషన్ తెచ్చాడు. వెళ్ళేలోగా ఇద్దరూ పోటీపడి ఆడారు. ఆయన అంకె ఆరు వందల పన్నెండు. ఈ అమ్మాయి ఎప్పుడూ మూడు వందలు దాటలేదు. ఏడో తరగతి తర్వాత చదువు చాలని, ఇంట్లో కుట్టుపని నేర్చుకోవాలని నానమ్మ నిర్ణయించింది, తండ్రి సరేనన్నాడు. వెళ్ళే రోజు స్టేషన్‌లో ఈ అమ్మాయి హైస్కూల్ మాట ఎత్తితే, రైలు కిటికీలోంచి, "నా నంబర్ దాటి చూపియ్, నువ్వు అడిగింది చేస్త" అన్నాడట.

రెండేళ్ళు ఆడింది. పోయిన నెల ఒక మధ్యాహ్నం ఏడు వందల నాలుగు వచ్చింది. ఆ తర్వాత సెల్స్ అయిపోతాయేమోనని భయపడి మళ్ళీ ఆడనే లేదు. తెర మసకబారుతుంటే తల్లిని దుకాణానికి పంపింది. తండ్రి ఆ వచ్చే శుక్రవారం దిగుతున్నాడు.

"అమ్మీ చూసింది గాని ఆమెకు అంకెలు రావు" అంది. "ఇంకెవ్వరు చూడలే."

సార్ కాసేపు గడ్డం గోక్కుని, "గింతేనా? మనం ఆడి తెద్దాం. ఏడు వందల నాలుగు వచ్చినంక మూడు పెట్టెలు కింద పడేద్దాం. మీ నాయినకు ఏమెర్క?" అన్నాడు. కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఆడటం మొదలుపెట్టాడు. ముప్పై ఒకటికి మూడు పెట్టెలూ పడ్డాయి. "ఈ హమాలీ మాట ఇంటలేడు" అన్నాడు. నేను ఆడితే ఎనభై దాటలేదు.

ఆ అమ్మాయి మిషన్‌ను సార్ చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "మీరు తెస్తె అది నాది కాదు గద తాతా."

"మరి నువ్వే తేరాదు?"

"గది ఒక్కసారే వచ్చింది." అయినా ఆడింది. నూట తొంభై దగ్గర అయిపోయింది. అరచేతులు తుడుచుకుని మళ్ళీ ఆడింది. రెండు వందల ముప్పై. చీకటి పడుతోందని సార్ ఇంటికి పంపించాడు.

తిరిగి వస్తుంటే రైలు ధారూర్ దగ్గర ఆగింది. అప్పుడు తట్టింది నాకు. రెండు మామూలు సెల్స్‌కు తీగలు కట్టి, పాత సెల్స్ తీయకముందే బయటినుంచి కరెంటు అందించి ఉంటే, లోపల ఏదీ చెరిగేది కాదు. పది నిమిషాల పని. దానికి పెద్ద చదువు కూడా అక్కర్లేదు. కరెంటు తీసేయడమే భద్రత అని నేర్చుకున్నాను కానీ, కరెంటులోనే బతికి ఉండే వస్తువులు వస్తాయని మాకు చెప్పినవాళ్ళు లేరు. రేడియోకు జ్ఞాపకం ఉండదు. దీనికి ఉంది. నేను అడగలేదు. ఆ తల్లి చెప్పింది కూడా, లోపలిది ఏం పోవద్దని.

మర్నాడు దుకాణానికి వెళ్ళగానే సార్‌తో అన్నాను. "కార్డు మీద వచ్చినప్పుడు చూసింది అన్న చోట ఏడు వందల నాలుగు అని రాస్త సార్. ముద్ర వెయ్యుండ్రి. వాళ్ళ నాయినకు చూపెట్టుకుంటది."

"చూసినవా?"

"లేదు."

"చూడంది రాస్తె గీ కార్డులన్ని చిత్తు కాయితాలైతయి బిడ్డా."

"మరి ఆ పిల్ల చదువు?"

"సెల్స్ ఎట్లైనా అయిపోయెటివే. నువ్వు తియ్యకున్నా రెండు దినాలకు చెరిగిపోతుండె. గట్లనే చెప్పు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఆ మాట చాలా ఊరటగా ఉంది, మధ్యాహ్నం దాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను. కానీ మసకగానైనా ఆ తెర అప్పటికి బతికే ఉంది. దాన్ని ఆపింది నా చెయ్యి.

మధ్యాహ్నం పాత కార్డును అలాగే ఉంచి, కింద "చేసిన పని" దగ్గర రాశాను. అడగకుండా సెల్స్ తీశాను. లోపల దాగి ఉన్న అంకె నావల్ల చెరిగిపోయింది. అంకె ఎంతో నేను చూడలేదు. ఏడు వందల నాలుగు అని అమ్మాయి చెప్పింది. తన ఆరు వందల పన్నెండు దాటితే అడిగింది చేస్తానని తండ్రి రైలు దగ్గర మాట ఇచ్చాడని, హైస్కూల్‌కు పంపమని అడగాలనుకుందని కూడా చెప్పింది. చెరిపింది నేను కాబట్టి ఇది రాసి ఇస్తున్నాను.

సంతకం పెట్టి సార్ ముందుంచాను. ఆయన మూడుసార్లు చదివాడు. "దుకాణం తెరిచి పదిహేనేండ్లైంది. తప్పు మాదే అని కాయితం రాసిచ్చింది లేదు. రేపటి సంది ప్రతి ఒక్కడు వచ్చి రాసియ్యమంటడు."

"నా తప్పని రాసిన సార్. దుకాణంది అని రాయలే."

"నువ్వు దుకాణం కావా మరి?" అని విసుక్కున్నాడు. కార్డు పక్కన పెట్టేసి ఒక రేడియో విప్పాడు. దాన్ని దులిపి మళ్ళీ బిగించాడు. తర్వాత సొరుగు లాగి, ముద్ర తీసి, దానిమీద నోటితో ఊది, గట్టిగా వేశాడు. "అమ్మాయి చెప్పింది అని రాసినవ్ చూడు, గా మాట మీద ముద్ర పడకుంట చూస్కున్న" అన్నాడు. నిజంగానే ముద్ర పక్కకు పడింది.

సాయంత్రం అమ్మాయి కార్డు చదువుకుని, మడిచి, లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

శనివారం తండ్రి వచ్చాడు. బక్కపలచటి మనిషి, ఎండకు నల్లబడ్డ ముఖం. వెనుక తల్లి, ఆమె పక్కన అమ్మాయి. కార్డును నా బల్లమీద పెట్టి, "గిది రాసింది ఎవరు?" అన్నాడు.

"నేనే."

"ఏడు వందల నాలుగు నువ్వు చూసినవా?"

"లేదు."

"చూడకుంట ఎట్ల రాసినవ్?"

"చూడలేదని గూడ రాసిన గద."

ఆయన మళ్ళీ చదివాడు. పెదాలు కదులుతున్నాయి. కొత్త మిషన్ కొనియ్యమంటాడేమో, అరుస్తాడేమో, సార్ నన్ను పనిలోంచి తీసేస్తాడేమో అని వరసగా అనుకుంటున్నాను. ఆయన తలెత్తి నన్ను కాదు, కూతుర్ని అడిగాడు.

"ఆరు వందల పన్నెండు నాదా?"

అమ్మాయి తలూపింది.

"రైలు కాడ నేను గట్లన్ననా?"

ఆ క్షణంలో ఆ అమ్మాయి ముఖం ఇప్పటికీ నా కళ్ళముందుంది. రెండేళ్ళు ఎండలో, కరెంటు పోయినప్పుడు కిటికీ దగ్గర, ఆ పెట్టెల్ని పట్టుకుంటూ కూర్చుంది. ఆయనకు పందెమే గుర్తులేదు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే గుర్తులేదు. నేను చెరపకపోయి ఉంటే, ఏడు వందల నాలుగు చూసి, శభాష్ అని, మిషన్ పక్కన పెట్టి అన్నం తినేవాడేమో.

"అన్నరు అబ్బా" అంది. "కిటికీలకెల్లి అన్నరు."

అప్పుడు మా సార్, నాలుగు రోజులు ఆ కార్డు మీద సణిగిన మనిషి, స్టూలు మీంచి లేచి వచ్చాడు. "ముద్ర చూసినవా భాయ్? గది నేనేసిన. ఉట్టిగ వెయ్య."

"నేను కాదన్ననా?" అన్నాడు ఆయన. కార్డు తిప్పి వెనక ఏమైనా రాసి ఉందేమో చూశాడు. "ఇంక ఎందరికి ఎర్క గిది?"

"మా ఇద్దరికి" అన్నాడు సార్. "ఇప్పటికైతె."

తల్లి బుర్ఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని తర్వాత అర్థమైంది. తండ్రి మిషన్ తీసి, "కూసో, ఆడు" అన్నాడు కూతురితో. ఆడింది. వంద దగ్గరే పెట్టెలు పడిపోయాయి. అమ్మాయి ముఖం వాడింది. ఆయన తీసుకుని తను ఆడాడు. నలభై. ఇంకోసారి ఆడాడు. యాభై రెండు. "స్టీరింగ్ పట్టి పట్టి వేళ్ళు మొద్దుబారినయ్" అంటూ మిషన్ ఆమె ఒళ్ళో పెట్టాడు. కార్డును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"హైస్కూల్ల పేర్లు ఎప్పుడు రాస్తరు?" అని అడిగాడు, నన్నే.

జూన్‌లో అని చెప్పాను.

నా కాయితమే ఆ పని చేసిందని చాలా రోజులు గర్వంగా ఉన్నాను. తర్వాత ఆ అమ్మాయే చెప్పింది, తల్లి ముందురోజు తెల్లవారేదాకా ఆయనతో మాట్లాడిందట. కార్డు తీసి ఇచ్చింది కూడా ఆవిడేనట, దుకాణానికి నడువు అన్నది కూడా ఆవిడేనట. అంకెలు రాని మనిషికి ఏ కాయితం ఎప్పుడు ముందు పెట్టాలో తెలుసు. మీరు కూడా తెలుసుకోండి, ఒక్క మనిషి బాగుచేసేది ఏదీ ఉండదు. చెడగొట్టడానికి మాత్రం ఒక్కరు చాలు, అందుకే ఏది తీసేముందైనా అడగండి.

ఆ తర్వాత ఆ దుకాణంలో నా బల్లమీద ఎప్పుడూ తీగలు కట్టిన రెండు సెల్స్ ఉండేవి. గుండీ సెల్స్ ఉన్న ఏ వస్తువు వచ్చినా ముందు అవి తగిలించేదాన్ని. కార్డులో "లోపల దాచుకున్నది" అని సార్ కొత్త వరస ఒకటి గీయించాడు. ఎవరి సలహా అని అడిగితే తనదే అనేవాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు వికారాబాద్‌లో ఇంటర్ చదువుతోంది. పోయిన ఆదివారం పాపను చూడటానికి వచ్చింది. వెళ్తూ, అదే చేతిరుమాలులో చుట్టి మిషన్ ఇచ్చింది. "చిన్నదానికియ్యుండ్రి అక్కా. నాకు ఆడ టైం దొరుకుతలేదు."

పాపకు తొమ్మిది నెలలు. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. గుండీ సెల్ మింగితే ప్రాణానికే ముప్పు. మూత గట్టిగానే ఉంది, నాలుగుసార్లు చూశాను. అయినా వారం నుంచి బీరువా పైన పెట్టి, బీరువా దగ్గరికి పోయినప్పుడల్లా భయపడుతున్నాను. ఇక సెల్స్ తీసేయాల్సిందే. తీసేయనా అని ఆ అమ్మాయిని మొన్న అడిగాను. "తీసెయ్యుండ్రి, పోతె పోనీ" అంది.

ఇందాక స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాను. విప్పే ముందు గుండీ నొక్కి పట్టాను. తర్వాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి, వెనకవైపు రాశాను.

వచ్చినప్పుడు చూసింది: తెర బాగుంది. ఎడమ గుండీ అరిగిపోయింది. గడియారం రెండున్నర గంటలు వెనక. లోపల దాచుకున్నది: ఎనిమిది వందల యాభై మూడు.

చూసింది నేను.